జాతీయ గ్రంథసూచి సాయంతో భారతీయ సాహిత్యాన్ని వెతికి పట్టుకోవడం ఎలా

భండారు అచ్చమాంబ రాసిన ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో అచ్చయింది. గురజాడ ‘దిద్దుబాటు’ వచ్చింది 1910లో. అయినా తొలి తెలుగు కథ ఏదంటే చాలాకాలం ‘దిద్దుబాటు’ పేరే వినబడింది. పత్రికలో పడి, పుస్తకంగా చేతికందని రచన ఎలా మరుగున పడుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. పుస్తకాల కేటలాగు పుస్తకాల్నే లెక్కపెడుతుంది. అందులో పేరు లేనంత మాత్రాన ఆ మనిషి రాయలేదని కాదు. గ్రంథసూచి ముందు కూర్చున్న ప్రతిసారీ ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆడవాళ్లు, దళితులు, ముస్లింలు, ఆదివాసీలు, చిన్న ఊళ్లలో సొంత ఖర్చుతో అచ్చేసుకున్నవాళ్లు ఎక్కువగా ఈ సందుల్లోంచే జారిపోయారు.

ముందు ఏ పట్టికలో ఏముంటుందో తెలియాలి

1954లో వచ్చిన చట్టం ప్రకారం దేశంలో ఏ ప్రచురణకర్త అయినా పుస్తకం వెలువడిన 30 రోజుల్లోపు సొంత ఖర్చుతో నాలుగు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. అవి కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. కోల్‌కతాకు చేరిన ప్రతుల ఆధారంగా అక్కడి సెంట్రల్ రిఫరెన్స్ లైబ్రరీ ‘ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ’ని, అంటే జాతీయ గ్రంథసూచిని, తయారుచేస్తుంది. 1957 చివరి త్రైమాసికంలో వచ్చిన పుస్తకాలతో అది మొదలైంది. ఇంగ్లీషుతో కలిపి 14 భాషలు అందులో ఉంటాయి. పాఠ్యపుస్తకాల గైడ్లు, మ్యాపులు ఉండవు. పత్రికల విడి సంచికలూ ఉండవు.

చట్టం ఉన్నా పుస్తకం పంపకపోతే పడే జరిమానా 50 రూపాయల వరకు, దానికి తోడు పుస్తకం వెల. అంతే. చాలామంది చిన్న ప్రచురణకర్తలకు ఈ చట్టం ఉన్నట్టే తెలియదు. కాబట్టి జాతీయ గ్రంథసూచిలో పేరు కనబడకపోతే పుస్తకమే లేదని తేల్చేయకండి. అది కోల్‌కతా చేరలేదని మాత్రమే దాని అర్థం కావచ్చు.

అంతకుముందు కాలానికి సాహిత్య అకాడెమీ వేసిన ‘నేషనల్ బిబ్లియోగ్రఫీ ఆఫ్ ఇండియన్ లిటరేచర్’ ఉంది. 1901 నుంచి 1953 వరకు వచ్చిన పుస్తకాల్లో ఎంపిక చేసినవాటిని నాలుగు సంపుటాల్లో చేర్చారు. తెలుగు నాలుగో సంపుటంలో, సింధీ, తమిళం, ఉర్దూలతో పాటు ఉంటుంది. ‘ఎంపిక’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. ఎవరో కూర్చుని ఇది విలువైనది, ఇది కాదు అని విడదీశారు. పాటల పుస్తకాలు, యక్షగానాలు, బజార్లో చవగ్గా అమ్మే చిన్న సైజు గుజిలీ ప్రతులు అలాంటి చోట నిలబడవు.

వాటి కోసం ఇంకా వెనక్కి వెళ్లాలి. 1867 నాటి ప్రెస్ చట్టం కింద బ్రిటిష్ ఇండియాలో ప్రతి రాష్ట్రమూ మూడు నెలలకోసారి అచ్చయిన పుస్తకాల పట్టిక వేసేది. మద్రాసు ప్రెసిడెన్సీ పట్టికల్లో పుస్తకం పేరు, భాష, ముద్రాపకుడి పేరు, పేజీలు, వెల, ఎన్ని ప్రతులు వేశారు, అన్నీ ఉంటాయి. ప్రతుల సంఖ్య తెలిసిందంటే జనం నిజంగా ఏం కొని చదివారో అంచనా దొరుకుతుంది. సాహిత్య చరిత్ర పుస్తకాల్లో ఈ ముక్క అరుదుగా కనిపిస్తుంది. నిజాం రాజ్యంలో అచ్చయినవి మాత్రం ఈ పట్టికల్లోకి రావు. తెలంగాణ పుస్తకాల కోసం 1901లో హైదరాబాదులో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ వైపు వెళ్లాలి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ‘లేరు’ అన్నవాళ్ల ముందు పేర్ల పట్టిక పెట్టడం కంటే గట్టి సమాధానం లేదు.

ఇక ఆన్‌లైన్‌లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగు. 1962 నుంచి ఢిల్లీ ఆఫీసు ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొంటూ వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి తెలుగు పుస్తకాలకు అది మంచి ఆధారం. ప్రపంచ గ్రంథాలయాల ఉమ్మడి కేటలాగు వరల్డ్‌క్యాట్‌లో పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో తెలుస్తుంది. మన విశ్వవిద్యాలయాల పుస్తకాలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇండ్‌క్యాట్ ఉంది. 1912కి ముందు తెలుగు పుస్తకాలకు బ్రిటిష్ మ్యూజియం కోసం బార్నెట్ కూర్చిన కేటలాగు తప్పనిసరిగా చూడాలి.

వెతుకులాట చెడేది స్పెల్లింగు దగ్గరే

పెద్ద కేటలాగులు తెలుగు పేర్లను రోమన్ లిపిలో పెడతాయి. అది మనం ఫోన్లో టైపు చేసే రోమన్ కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి ఒక్కటే గుర్తు. ఆ తేడా తెలియనందువల్లే ఎక్కువమంది ‘ఏమీ దొరకలేదు’ అని లేచిపోతారు. ముఖ్యంగా పట్టుకోవాల్సినవి ఇవి:

త రాయడానికి టీ ఒక్కటే. మనకు టీ పక్కన హెచ్ వేసే అలవాటు. ఆ పద్ధతిలో టీహెచ్ అంటే థ. ‘గీత’కు హెచ్ వేశారంటే దొరకదు. ద విషయంలోనూ అంతే, డీ పక్కన హెచ్ వేస్తే ధ అవుతుంది.

చ రాయడానికి సీ ఒక్కటే. సీహెచ్ అంటే ఛ. చలం పుస్తకాలు సీ-ఏ-ఎల్ కింద ఉంటాయి.

శ, ష రెండిటికీ ఎస్. గుర్తులు వేరు, హెచ్ మాత్రం ఉండదు. శ్రీ అంటే ఎస్-ఆర్-ఐ.

ఋకారంలో ఐ ఉండదు, యూ ఉండదు. కృష్ణ అంటే కే-ఆర్-ఎస్-ఎన్-ఏ. పేరు మధ్యలో కృష్ణ ఉన్న రచయితలు మన దగ్గర ఎంతమందో! ఈ ఒక్కటి తెలిస్తే చాలా తలుపులు తెరుచుకుంటాయి.

జ్ఞ అంటే జే-ఎన్. మనం జీ-ఎన్ అని రాస్తాం. ‘విజ్ఞానం’ అన్న మాటతో మొదలయ్యే పుస్తకాలు అందుకే తప్పిపోతాయి.

దీర్ఘాలకు అక్షరం మీద గీత పెడతారు. రెండు ఈలు, రెండు ఓలు రాయరు.

చుక్కలు, గీతలు టైపు చేయక్కర్లేదు. చాలా కేటలాగులు వాటిని పట్టించుకోవు. దీనివల్ల ఇంకో చిక్కు వస్తుంది. చుక్క తీసేస్తే ట, త ఒకటైపోతాయి. ‘పాట’ అని వెతికితే ‘పాత’ కూడా వస్తుంది. అప్పుడు భాషను తెలుగుకు పరిమితం చేసి, సంవత్సరాలు ఓ పాతికేళ్లకు కుదించండి.

పేరు చివర ఇంకో గొడవ. ఒకే నాటకం ‘కన్యాశుల్కము’ అనీ ‘కన్యాశుల్కం’ అనీ రెండు రకాలుగా ఎక్కి ఉంటుంది. కాబట్టి ‘కన్యాశుల్క’ వరకు టైపు చేసి నక్షత్రం గుర్తు పెట్టండి. కొన్ని కేటలాగుల్లో నక్షత్రానికి బదులు ప్రశ్నార్థకం పనిచేస్తుంది, హెల్ప్ పేజీలో ఉంటుంది. తెలుగు లిపిలో వెతికేటప్పుడు కూడా ‘వ్రాత’, ‘రాత’ రెండూ వేసి చూడాలి. పాత పేర్లలో అరసున్న, బండి ఱ ఉంటాయని మరిచిపోవద్దు.

పుస్తకం పేరుకంటే ముందు మనిషి పేరు

పుస్తకం పేరు పదిరకాలుగా మారుతుంది. రచయిత కింద అన్నీ ఒకచోట దొరుకుతాయి, కాబట్టి వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి. అయితే రచయిత పేరూ నిలకడగా ఉండదు. కలంపేరు, అసలు పేరు రెండిటితోనూ వెతకాలి: ఆరుద్ర అంటే భాగవతుల సదాశివశంకర శాస్త్రి, శ్రీశ్రీ అంటే శ్రీరంగం శ్రీనివాసరావు, ఓల్గా అంటే పోపూరి లలితకుమారి. రచయిత్రుల ఇంటిపేరు పెళ్లి తర్వాత మారుతుంది. అందుకని ఇంటిపేరు వదిలేసి వ్యక్తి పేరుతోనే ఓసారి వెతికి, పుట్టిన సంవత్సరంతో సరిచూసుకోండి. మన పేర్ల తీరు తెలియనివాళ్లు చేసిన ఎంట్రీల్లో ‘రావు’, ‘శాస్త్రి’, ‘రెడ్డి’ ఇంటిపేర్లయి కూర్చుంటాయి. దొరకని పేరును ఒకసారి వాటి కింద కూడా చూడాలి.

వైవిధ్యం కోసం వెతికేవాళ్లు సాధారణంగా సబ్జెక్టు పెట్టెలో ‘తెలుగు దళిత కవిత్వం’ అని వేస్తారు. వచ్చేవి సంకలనాలు, విమర్శ గ్రంథాలు మాత్రమే. ఒక్కో కవి సొంత పుస్తకానికి ఆ సబ్జెక్టు చాలాసార్లు వేసి ఉండదు. అందుచేత రెండడుగుల్లో పని చేయండి. ముందు సంకలనం పట్టుకోండి: స్త్రీవాద కవిత్వానికి ‘నీలిమేఘాలు’ (1993), దళిత కవిత్వానికి ‘చిక్కనవుతున్న పాట’ (1995), ముస్లింవాద కవిత్వానికి ‘జల్‌జలా’ (1998). వాటి విషయసూచికలోని పేర్లన్నీ కాగితం మీద ఎక్కించుకుని, ఒక్కో పేరుతో కేటలాగులో వెతకండి. ఒక సంకలనం చాలు, వారం రోజుల పని దొరుకుతుంది. ఏ పేరుకు సొంత పుస్తకం కనబడలేదో అది విడిగా రాసిపెట్టుకోండి. తర్వాత దానితో పని ఉంది.

వర్గీకరణ సంఖ్యతోనూ వెతకొచ్చు. పుస్తకాల్ని విషయాన్ని బట్టి అంకెలతో విడదీసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. దాని పక్కన 1 చేరిస్తే కవిత్వం, 2 నాటకం, 3 కథలూ నవలలూ. తమిళం 894.811, మలయాళం 894.812, కన్నడం 894.814, హిందీ 891.43, బెంగాలీ 891.44, మరాఠీ 891.46. జాతీయ గ్రంథసూచి అమరిక డ్యూయీ ప్రకారమే కాబట్టి భాష రాకపోయినా ఆ భాషలో ఏడాదికి ఎన్ని నాటకాలు, ఎన్ని నవలలు ఎక్కాయో చూడొచ్చు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన పుస్తకాలకు సొంత వర్గీకరణ వాడుతుంది.

అనువాదాలు పట్టుకునే కిటుకు

తెలుగు నుంచి హిందీలోకి ఏం వెళ్లాయో తెలియాలంటే ఎంట్రీని మార్క్ రూపంలో, అంటే ఒక్కో వివరానికి ఒక్కో అంకె వేసిన గ్రంథాలయ రూపంలో, తెరవండి. చాలా కేటలాగుల్లో అందుకో బటన్ ఉంటుంది. 041 అన్న వరుసలో ‘ఏ’ పక్కన పుస్తకం భాష, ‘హెచ్’ పక్కన మూలభాష మూడక్షరాల కోడ్‌తో ఉంటాయి. తెలుగుకు టీ-ఈ-ఎల్, హిందీకి హెచ్-ఐ-ఎన్. 240 వరుసలో మూల గ్రంథం పేరు ఉంటుంది. 880 వరుసలు కనబడితే సంతోషించండి, అసలు లిపిలో పేరు అక్కడ దొరుకుతుంది. 041 ఖాళీగా ఉన్న ఎంట్రీలు బోలెడు. అప్పుడు 700 వరుసలో అనువాదకుడి పేరుందేమో చూడాలి. మంచి అనువాదకుడు ఒకడు దొరికితే అతని పేరు మీద వెతకగానే ఇంకో పది పుస్తకాలు బయటపడతాయి.

సాహిత్య అకాడెమీ 24 భాషల్ని గుర్తిస్తుంది: రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22, ఇంగ్లీషు, రాజస్థానీ. 1955 నుంచి ఇస్తున్న అవార్డుల జాబితా, 1989 నుంచి ఇస్తున్న అనువాద పురస్కారాల జాబితా చేతిలో పెట్టుకుంటే ప్రతి భాషలోనూ మొదటి అడుగు పడుతుంది. జాతీయ గ్రంథసూచిలో చోటు లేని డోగ్రీ, బోడో, సంతాలీలకు ఇదే దారి. గోండి, కోయ, సవర లాంటివి ఈ 24లో కూడా లేవు. వాటికి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు, గిరిజన పరిశోధన సంస్థల ప్రచురణలే దిక్కు. విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఆన్‌లైన్‌లో దొరికే శోధ్‌గంగలో ఆ భాషల మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు తెరిచి, నేరుగా చివరి ఉపయుక్త గ్రంథసూచికి వెళ్లండి. ఏ కేటలాగులోనూ లేని పేర్లు అక్కడ తగులుతాయి.

ఎంట్రీని నమ్మే ముందు

తేదీల దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాల గుర్తింపు సంఖ్యలో 2015 అని ఉంటుంది. అది ప్రచురణ సంవత్సరం కాదు. ఆ ఎంట్రీల్లో రచయిత పేరు స్థానంలో సంపాదకుడో ముద్రాపకుడో ఉండటం, రెండు పుస్తకాలు ఒకే ఫైల్లో కలిసిపోవడం మామూలే. ముఖపత్రం, దాని వెనక పేజీ, పీఠిక చివరి తేదీ, ఈ మూడూ కళ్లతో చూడనిదే సంవత్సరం రాసుకోవద్దు.

పాత పుస్తకాల మీద తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. ప్రభవ 1867, 1927, 1987 ఉగాదులకు మొదలైంది. ‘ఖర’ వరసలో 25వది, కాబట్టి 24 కలపాలి: 1891, 1951, 2011. కాగితం, అచ్చు, వెల చూస్తే వీటిలో ఏదో తేలిపోతుంది. పీఠిక మాఘంలోనో ఫాల్గుణంలోనో రాసి ఉంటే ఇంకో సంవత్సరం కలపండి, అప్పటికి జనవరి దాటి ఉండొచ్చు. శకం అయితే 78, హైదరాబాదు పుస్తకాల మీద ఫసలీ అయితే 590 కలపాలి.

‘ముద్రణ’, ‘కూర్పు’ ఒకటి కావు. 1897 నాటి ‘కన్యాశుల్కం’, 1909లో గురజాడ తిరగరాసిన ‘కన్యాశుల్కం’ దాదాపు వేర్వేరు నాటకాలు. వాటిని ఒకే ఎంట్రీలో కలిపేస్తే రచయిత చేసిన పనంతా మాయమైపోతుంది.

కథల కోసమైతే శ్రీకాకుళం కథానిలయం

కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం చేసిన పని ఇంతాఅంతా కాదు. కథ పేరు, రచయిత, పత్రిక, తేదీ, ఇలా విడి కథను లెక్కలోకి తెచ్చిన పట్టిక అది. ఆన్‌లైన్‌లోనూ ఉంది. రచయిత పేరుతో తెరిచి, సంపుటాల్లోకి ఎక్కని కథలు ఏవో ముందు చూడండి. పత్రిక పేరు, నెల తెలిస్తే ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికల్లోనో, వేటపాలెం సారస్వత నికేతనంలోనో ఆ సంచిక కోసం ప్రయత్నించవచ్చు. లైబ్రేరియన్‌కు ఉత్తరం రాసేటప్పుడు ‘పాత కథలు కావాలి’ అనకండి. పత్రిక పేరు, సంపుటం, సంచిక, నెల, పేజీ రాయండి. అలా రాసిన ఉత్తరానికి జవాబు వస్తుంది.

సొంత జాబితా, దాంతో ఒక పండగ

స్ప్రెడ్‌షీట్ చాలు. పుస్తకాల వివరాలు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లు అది వాడుకోవచ్చు. గడులు ఇవి: పేరు అసలు లిపిలో, తెలుగు లిపిలో, రచయిత, మారుపేర్లు, జనన మరణాలు, మూలభాష, అనువాదకుడు, తొలి ముద్రణ, ఊరు, ప్రచురణకర్త, ఏ పట్టికలో దొరికింది, ప్రతి ఎక్కడుంది, కళ్లతో చూశారా లేదా. ఆఖరి గడిని ఎప్పుడూ ఎత్తేయకండి. చూడని పుస్తకం గురించి ఒక పట్టికలో పడ్డ తప్పు మరో పదింటికి పాకేది అది లేకపోవడం వల్లే.

నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. శాఖా గ్రంథాలయంలోనో బడిలోనో ఒక బల్ల వేయడానికి అంతకంటే మంచి సమయం లేదు. రెండు నెలల ముందే పని మొదలుపెట్టండి. 40 పుస్తకాలు, కనీసం 12 భాషలు, ఒక్కో భాషకు నాలుగుకు మించకుండా. నలభైలో సగం రచయిత్రులవి ఉండేలా మొదటిరోజే లెక్క వేసుకోకపోతే ఆఖరికి పది కూడా మిగలవు. ప్రతి పుస్తకం పక్కన అట్టముక్క మీద అసలు లిపిలో పేరు, కింద తెలుగులో పేరు, రచయిత ఊరు, తొలి ముద్రణ సంవత్సరం, తెలుగు అనువాదం ఉంటే అదెక్కడ దొరుకుతుందో రాయండి. పుస్తకం దొరకనిచోట ఖాళీగా వదిలేయకుండా ముఖపత్రం ప్రింటు తీసి పెట్టండి. సాయంత్రం చదివే కార్యక్రమంలో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు: ముందు మూలభాషలో నాలుగు పంక్తులు, తర్వాత తెలుగు. మీ ఊళ్లో మరాఠీ, ఒడియా, ఉర్దూ ఇంట్లో మాట్లాడేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్ల చేత చదివించండి.

ఆగస్టు 29న చేసేవాళ్లు బల్ల మీద సవర పుస్తకం కూడా పెట్టాలి. ఆరోజు గిడుగు రామమూర్తి పుట్టినరోజు. సవరల భాషకు ఆయన 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు ప్రచురించారు. తెలుగు భాషా దినోత్సవాల్లో ఈ సంగతి దాదాపు ఎవరూ ఎత్తరు. ఎత్తాలి.

పుస్తకం మొత్తం స్కాన్ చేసి పంచే ముందు కాపీరైట్ లెక్క చూసుకోండి. రచయిత పోయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. 1915లో పోయిన గురజాడ రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. 1979లో పోయిన చలం పుస్తకాలకు 2039 చివరి వరకు అనుమతి కావాలి. అనువాదకుడి హక్కు వేరేగా ఉంటుంది.

ఇందాక విడిగా రాసుకున్న పేర్లు, అంటే ఏ కేటలాగులోనూ పుస్తకం దొరకనివి, ఇప్పుడు బయటికి తీయండి. పుస్తకం మీ చేతిలో ఉంటే ఓపెన్ లైబ్రరీలోనూ వికీడేటాలోనూ మీరే ఎంట్రీ చేయొచ్చు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముఖపత్రంలో ఉన్నది ఉన్నట్టు తెలుగు లిపిలో ఎక్కించి, పక్కన రోమన్ రూపం ఇవ్వండి. రచయిత బతికే ఉంటే ఆయనకో ఆమెకో 1954 చట్టం సంగతి చెప్పండి. నాలుగు ప్రతులు ప్యాక్ చేసి, నాలుగు గ్రంథాలయాల చిరునామాలు రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపడానికి తోడు వెళ్లండి. రసీదు నంబర్లు మీ స్ప్రెడ్‌షీట్లో ఎక్కించుకుని, ఆర్నెల్లాగి నేషనల్ లైబ్రరీ కేటలాగులో ఆ పేరుతో మళ్లీ వెతకండి.